మడతలో మిగిలిన బట్ట

ఆ ఉదయం మబ్బు పట్టింది గాని కురవలేదు. పడమర నుంచి లేచి వచ్చి, సరిగ్గా ఆసుపత్రి మేడ మీద ఆగిపోయింది. ఆకు కదలడం లేదు. కిటికీ పక్క మంచం మీద వెల్లకిలా పడుకున్న లాకాయన, ఎత్తుగా లేచిన తన పొట్ట మీదుగా చాలాసేపు దాన్నే చూశాడు.

"ఇది ఇక్కడ కురిసే మబ్బు కాదు" అన్నాడు చివరికి. "ఎగువన కురుస్తుంది. సాయంత్రానికి కాలువ ఎక్కుతుంది. గేటు దగ్గర ఎవడున్నాడో, వాడు మేలుకుని ఉన్నాడో లేదో."

మంచం పక్క స్టూలు మీద కూర్చున్న భార్య చెవికి ఆ మాట ఎక్కలేదు. నిన్న డాక్టరమ్మ అడిగిన ప్రశ్న దగ్గరే ఆమె ఆగిపోయి ఉంది.

అక్కడిదాకా ఎలా వచ్చారో మొదటినుంచీ చదువుతున్నవారికి తెలుసు, తెలియనివారికి రెండు ముక్కల్లో. కాలువ మీద పడవల్ని ఎక్కించి దించే లాకు దగ్గర గేట్ల చక్రం తిప్పడం అతని ఉద్యోగం. అందుకని పడవలవాళ్ళకి అతను లాకాయన. అదే గట్టు మీద చిన్న కొట్టులో కుట్టుమిషను పెట్టుకున్న ఆమె మిషనమ్మ. పెళ్ళినాటికే ఇద్దరికీ తల నెరవడం మొదలైంది. గజ్జల్లో వాపు వస్తే హెర్నియా అనుకుని దగ్గర్లోని చిన్న ఆసుపత్రిలో కోశారు. లోపల పేగు జారి లేదు. చల్లారి గడ్డకట్టిన గంజిలాంటి పసుప్పచ్చని జిగురు బయటికి వచ్చింది. కోసినాయన మాట్లాడకుండా కుట్లు వేసి, ఈ పెద్దాసుపత్రికి పంపేశాడు.

ఇక్కడి డాక్టరమ్మ ఫిల్ములు వెలుతురుకి పట్టి చూపించింది. పేగు మొదట్లో చిటికెన వేలంత తోక ఒకటి ఉంటుంది, అపెండిక్సు అంటారు, అందులో పుట్టిన కేన్సరు ఎప్పుడో ఆ తోకని చీల్చుకుని పొట్టంతా విత్తనాలు జల్లింది, ఆ విత్తనాలే ఈ జిగురు ఊరిస్తున్నాయి అని చెప్పింది. ఇది అరుదైనదని, సర్వీసంతా ఒక్కటీ చూడకుండా రిటైరైన డాక్టర్లు బోలెడుమంది ఉన్నారని కూడా చెప్పింది. ఆ తర్వాత అడిగింది, "పొట్ట ఎప్పటినుంచి పెరుగుతోంది?" అని.

లాకాయన తడుముకోలేదు. "ఈ వానల్లోనే డాక్టరమ్మా. అంతకుముందు ఏమీ లేదు. పెళ్ళినాడు వేసుకున్న ప్యాంటు మొన్న మొన్నటిదాకా చక్కగా పట్టేది. ఉన్నట్టుండి బొత్తాం అందడం మానేసింది" అన్నాడు.

ఆ మాటకి డాక్టరమ్మ కలం ఆగింది. "ఇంత తొందరగానా" అని తనలో తాను అనుకున్నట్టుగా అని, "ఇంకో రిపోర్టు రావాలి, రేపు చెబుతాను" అంది. మిషనమ్మ గుమ్మం పట్టుకుని నిలబడి ఆ మాట విన్నది.

ఈ పూట లాకాయన అక్క వచ్చింది. చేతిలో బట్టల సంచీ ఉంది. తల్లి పోయినప్పుడు తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచిన మనిషి. ఇప్పటికీ గదిలోకి వస్తే ముందు అతని అరికాళ్ళు పట్టుకుని చూస్తుంది, చల్లగా ఉన్నాయా వెచ్చగా ఉన్నాయా అని. అలాగే చూసింది. "కాస్త చిక్కావు" అంది.

"పొట్ట తప్ప అక్కా. అది నీ చిన్నప్పటి బుగ్గల్లా ఉంది."

"నోటికేం తక్కువ లేదు" అని ఆమె లేచి, మిషనమ్మ వంక చూసి, "కుళాయి దగ్గరికి రా, మొహం కడుక్కోవాలి" అంది. సంచీ వదలకుండా చంకలోనే పెట్టుకుంది.

వరండా చివర, రోగుల తాలూకు మనుషులు బట్టలు ఉతుక్కుని ఆరేసుకునే చోట, ఒక కుళాయి ఉంది. అక్కడి గోడకు జనం తలలు ఆనించి ఆనించి నూనె మరకలు పడి ఉన్నాయి. అక్క మొహం కడుక్కోలేదు. సంచీలోంచి ఒక ప్యాంటు తీసి, నడుం వెనక భాగాన్ని తిరగేసి పట్టుకుంది.

"డిశ్చార్జి చేస్తే వేసుకోవడానికి మంచి ప్యాంటు ఉండాలి కదా అని మీ ఇంట్లోంచి తీశాను. పొట్ట ఉబ్బింది కదా, కాస్త వదులు చేద్దామని కుట్టు విప్పబోయాను. వదులు చెయ్యడానికి లోపల బట్టే లేదు. దీన్ని నాకంటే ముందే ఎవరో వదులు చేసేశారు. ఒక్కసారి కాదు. ఇవిగో పాత సూది బెజ్జాలు, వరసన."

మిషనమ్మ చూడనక్కర్లేకపోయినా చూసింది.

"నువ్వేనా?"

"నేనే వదినా."

"వాడికి తెలుసా?"

"తెలీదు."

"కట్టుకున్నవాడి పొట్ట ఏళ్ళ తరబడి పెరుగుతుంటే, నువ్వు తెలియనివ్వకుండా ప్యాంటు వదులు చేస్తూ కూర్చున్నావన్నమాట. నీ మిషను పాడుగాను."

మిషనమ్మకి అనడానికి ఉంది గాని, అది ఆ కుళాయి దగ్గర నిలబడి చెప్పుకునేది కాదు.

పెళ్ళికి ముందు అతను ఇదే ప్యాంటు పట్టుకుని కొట్టుకి వచ్చేవాడు. "కాస్త వదులు చెయ్యాలి" అనేవాడు. చేసిచ్చేది. నాలుగు రోజులకే మళ్ళీ వచ్చి, "మరీ వదులైంది, కాస్త బిగించు" అనేవాడు. కొలత తియ్యాలంటే ఆమె టేపు ఒక కొస అతని చేతికే ఇచ్చేది, తను చెయ్యి తగలనిచ్చేది కాదు. అతను నడుం చుట్టూ తిప్పుకుని, అంకె చదవడం రానివాడిలా ఆమె వైపు తిరిగి నిలబడేవాడు. చూస్తూ చూస్తూ ఆమెకు సంగతి అర్థమైంది. అర్థమయ్యాక కూడా వదులు చేస్తూనే, బిగిస్తూనే ఉంది. విప్పి కుట్టి, విప్పి కుట్టి ఆ బట్ట చివికిపోతుందేమోనన్న బెంగ తప్ప ఆ రోజుల్లో ఆమెకు వేరే బెంగ లేదు. అతను రాని రోజు మిషను తొక్కుతూ చెవి గట్టు వైపు వేసి ఉంచేది. గేటు చక్రం కిర్రుమంటే, మనిషి అక్కడే ఉన్నాడు అనుకుని సూదిలో దారం ఎక్కించుకునేది.

పెళ్ళయ్యాక తెలిసింది, అతనికి పొట్ట అంటే భయమని. వాళ్ళ నాన్న తాగి తాగి పొట్ట ఉబ్బి పోయాడు. ఊళ్ళో పిల్లలు ఇతన్ని కుండ కొడుకు అని పిలిచేవాళ్ళట. అందుకని చుక్క ముట్టలేదు. పెళ్ళినాటి ప్యాంటు ఇంకా పడుతోందని పడవలవాళ్ళకి చూపించుకోవడం ఒక్కటే అతని గొప్ప. అలాంటివాడు ఒక రోజు స్నానం చేసి వచ్చి, బొత్తాం పెట్టబోయి, ఊపిరి బిగబట్టి ఆగిపోయాడు. అద్దంలో ఎవరినో చూసినట్టు చూశాడు. మర్నాడు అతను గేటు దగ్గరికి వెళ్ళగానే ఆమె నడుం వెనక కుట్టు విప్పింది. లోపల మడిచి ఉంచిన బట్టలోంచి వేలెడు వెడల్పు కన్నా తక్కువే వదిలి, మళ్ళీ కుట్టి, ఇస్త్రీ చేసి, అదే మేకుకి తగిలించింది. వెనకవైపు చూసుకునే మగవాడెవడు?

"విను" అంది అక్క. గొంతు తగ్గింది, కోపం పోయి ఇంకేదో వచ్చింది. "ఈ సంగతి వాడి చెవిన పడకూడదు. డాక్టరమ్మ చెవినీ పడకూడదు. కొత్తగా వచ్చిన జబ్బనుకుంటేనే ఏదో ఒకటి చేస్తారు. ఇన్నేళ్ళదని తెలిస్తే, ముదిరిపోయింది, ఇంటికి తీసుకుపొమ్మంటారు."

"నేనూ అదే అనుకున్నాను వదినా. రాత్రంతా అదే అనుకున్నాను."

"ఇంకోటి. వాడికి రోజులెన్ని ఉన్నా, కళ్ళు తెరిచినప్పుడల్లా నీ మొహమే వెతుక్కుంటున్నాడు. నేను చూస్తున్నాను కదా, గుడ్డిదాన్ని కాను. ఇది తెలిస్తే ఆ మొహం చూడగలడా? వాడికి అది కూడా లేకుండా చెయ్యకు. నీ మీద జాలితో చెప్పడం లేదు, వాడి మీద జాలితో చెబుతున్నాను." ప్యాంటుని మళ్ళీ సంచీలో కుక్కింది. "దీన్ని తీసుకెళ్ళి పొయ్యిలో పెడతాను."

మిషనమ్మ తల ఊపింది. ఊపుతూనే ఆమెకు నిజంగా ఆశ పుట్టింది. ఇక్కడితో ఆగిపోతే చాలు. అతను కళ్ళు తెరిచినప్పుడల్లా తనవైపు చూస్తాడు. ఉన్నన్నాళ్ళు చూస్తాడు. ఇంతకంటే అడిగేదేముంది? గది దాకా నడిచిన ఆ కాస్త దూరమూ ఆమె ఆ చూపునే మోసుకుంటూ నడిచింది.

గదిలో డాక్టరమ్మ అప్పటికే వచ్చి ఉంది. పొట్టి మనిషి. నిలబడి మాట్లాడే అలవాటు లేదు. రోగి మంచం అంచున కూర్చుని, ఇంటికి వచ్చిన చుట్టంలా మాట్లాడుతుంది.

"రిపోర్టు వచ్చింది. జిగురు తప్ప అందులో కణాలు దొరకలేదు. అంటే జబ్బు ఏ రకమో ఆ పరీక్ష చెప్పలేకపోయింది. ఇక మీరు చెప్పిన మాట మీద, ఫిల్ముల మీద ఆధారపడి నేను నిర్ణయించుకోవాలి. కొద్ది నెలల్లో ఇంత పెరిగిందన్నారు కాబట్టి..."

ఆధారపడి అన్న మాట మిషనమ్మకి సూదిలా గుచ్చుకుంది. ఆమె పనిలో కొలత తీసేది ఒకరు, కోసేది ఒకరు అయినప్పుడు ఎంత బట్ట పాడైపోతుందో ఆమెకు తెలుసు. కోసేవాడు మంచివాడే, కత్తెర మంచిదే, అయినా పాడైపోతుంది.

"ఆయన చెప్పింది తప్పు డాక్టరమ్మా" అంది.

అక్క సంచీని వీపు వెనక్కి తీసుకుంది. "దీనికి నిద్ర లేదండీ. ఏదో మాట్లాడుతోంది."

"కొలత తప్పు చెప్పి కత్తెర చేతికి ఇచ్చినట్టవుతుంది వదినా. ఆవిడ కోసేది ఆయన్ని. నా వల్ల కాదు." మిషనమ్మ సంచీ పట్టుకుంది. అక్క వెంటనే వదల్లేదు. ఇద్దరూ ఒక్క క్షణం దాన్ని చెరోవైపూ పట్టుకుని నిలబడ్డారు. తర్వాత అక్క వదిలేసింది.

లాకాయన వాళ్ళిద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఏంటది? నా ప్యాంటేగా? దాని కోసం కొట్టుకుంటారేంటి?"

మిషనమ్మ అతనివైపు తిరగలేదు. ప్యాంటు తిరగేసి డాక్టరమ్మ ఒళ్ళో పెట్టి, వేలితో చూపించింది.

"ఇది మొదట్నుంచీ బయట ఉన్న బట్ట. ఎండకీ ఉతుకులకీ బాగా వెలిసింది. దీని పక్కన ఈ సన్న పట్టీ నేను మొదటిసారి విప్పినప్పుడు బయటికి వచ్చింది. ఇదీ వెలిసింది, కాని దానంత కాదు. దీని పక్కది ఇంకా తక్కువ. ఈ చివరిది చూడండి, కొత్త బట్టలాగే ఉంది."

డాక్టరమ్మ దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. మబ్బు వెలుతురులో కూడా పట్టీలు తేడాగా కనిపిస్తున్నాయి. వేలి గోటితో ఒక్కొక్కటీ తాకుతూ చూసింది.

"మొదటిది ఎప్పుడు?"

"బడిపిల్లల యూనిఫారాలు కుట్టే రోజులు. మొన్న బడి తెరిచినప్పుడు కాదు, అంతకుముందు ఏడాదీ కాదు, దానికి ముందు ఏడాది."

"చివరిది?"

"చలి వెళ్ళిపోయేటప్పుడు. దాంతో మడతలో బట్ట అయిపోయింది. ఇక వదులు చెయ్యడానికి లేదు. అందుకే ఈ వానల్లో ఆయనకి ఉన్నట్టుండి పట్టలేదు. పొట్ట అప్పుడు రాలేదండీ. బట్ట అప్పుడు అయిపోయింది."

లాకాయన చెయ్యి పొట్ట మీద ఉంది. అది తనది కానట్టు మెల్లగా తీసి పక్కన పెట్టుకున్నాడు.

"చొక్కాల సంగతేంటి?" అడిగింది డాక్టరమ్మ.

"భుజాల దగ్గర లోపలికి తీశాను. ఒకే రోజు ప్యాంటు వదులు చేసి, చొక్కా బిగించాను. భుజం చిక్కుతుంటే నడుం పెరగడమేంటని అప్పుడైనా అనుకోవాలి. అనుకోలేదు. పెళ్ళాం వంట ఒంటికి పట్టిందని పడవలవాళ్ళు అంటుంటే సంతోషపడ్డాను."

అక్క మంచం కోడు పట్టుకుని కింద కూర్చుండిపోయింది. "ముదిరిపోయిందా డాక్టరమ్మా? అంతేనా?"

డాక్టరమ్మ వెనక్కి వచ్చి, మళ్ళీ అదే చోట కూర్చుంది.

"ఈ జబ్బు రెండు రకాలుగా నడుస్తుంది. ఒకటి దూకుడు. నెలల్లో కమ్మేస్తుంది, పేగుల్లోకి తొలుచుకుపోతుంది. దానికి ఇప్పుడు పొట్ట కోస్తే మేలు కంటే కీడు ఎక్కువ. రెండోది నిదానం. ఏళ్ళ తరబడి జిగురు ఊరిస్తూ కూర్చుంటుంది. దానికి నరంలో ఎక్కించే మందు పెద్దగా పని చెయ్యదు. కోసి తియ్యడమే మందు. నిన్న మీ మాట విని ఇది మొదటి రకమేమోనని వెనక్కి తగ్గాను. ఇన్నేళ్ళు మోస్తూ కూడా ఈయన మొన్నటిదాకా చక్రం తిప్పాడంటే, రెండో రకమే అయ్యే అవకాశం ఎక్కువ." ప్యాంటు మడిచి మిషనమ్మ చేతికిచ్చింది. "ఇదొక్కటి చూసి కత్తి పట్టుకోను. ఫిల్ముల్లో చిన్నపేగు చాలావరకు శుభ్రంగా ఉంది. నెత్తురు పరీక్షలు మరీ చెడ్డగా లేవు. మీ మాట ఒక్కటే వాటితో కలవలేదు. ఇప్పుడు కలిసింది. మీరు ఒప్పుకుంటే నేను చేస్తాను."

ఏం చేస్తుందో కూడా దాచకుండా చెప్పింది. పొట్ట పైనుంచి కిందిదాకా తెరవాలి. పెద్దపేగు కుడివైపు భాగం, ప్లీహం తియ్యాల్సి రావచ్చు. పొట్టకి లోపలివైపు అస్తరులా పొర ఒకటి ఉంటుంది, దాన్ని మచ్చ ఉన్నంతమేరా ఒలిచెయ్యాలి. కంటికి కనిపించినదంతా తీశాక, కనిపించనిదాని కోసం, వేడి చేసిన కీమో మందు పొట్టలో నింపి, గంటకు పైగా లోపలే తిప్పి తీసెయ్యాలి. పొద్దున మొదలుపెడితే సాయంత్రం దాటొచ్చు. కొంతకాలం పొట్ట మీద సంచీ పెట్టుకోవాల్సి రావచ్చు. తట్టుకోలేక లేవనివాళ్ళూ ఉన్నారు. లేచి ఏళ్ళ తరబడి తిరుగుతున్నవాళ్ళూ ఉన్నారు.

లాకాయన దిండు మీద తల ఇటు తిప్పాడు. "ఆ వేడి మందు పోస్తారు సరే. బయటికి ఎటు పోతుంది?"

"గొట్టాలు పెడతాం. ఒకదాంట్లోంచి లోపలికి, మిగతావాటిలోంచి బయటికి. మర తిప్పుతూ ఉంటుంది."

"ఎగువ తూము, దిగువ తూము."

"అంతే."

"దిగువ తూము పూడకుండా ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి."

"ఉంటారు. అదే పనికి ఒక మనిషి ఉంటాడు."

"అతన్ని నిద్రపోనివ్వకండి. మా దగ్గర వాళ్ళు పడుకుంటారు."

డాక్టరమ్మ నవ్వింది. ఇంకెవరూ నవ్వలేదు. ఆమె లేవబోతుంటే మిషనమ్మ అడ్డంగా నిలబడి అడిగింది. "నేను మొదట్లోనే చెప్పి ఉంటే ఇంత కొయ్యాల్సి వచ్చేది కాదు కదా?"

డాక్టరమ్మ తప్పించుకోలేదు. "వచ్చేది కాదేమో" అంది. "ఎల్లుండి పొద్దున చెయ్యొచ్చు. ఒప్పుకుంటే ఈ సాయంత్రం నుంచే గట్టి తిండి మానాలి, వడగట్టిన నీళ్ళే తాగాలి. వంటగదివాళ్ళని రెండూ పంపమంటాను. మీరు ఏది తీసుకుంటారో దాన్నిబట్టి నర్సమ్మ నాకు చెబుతుంది. అప్పటిదాకా ఆలోచించుకోండి."

ఆమె వెళ్ళాక అక్క లేచింది. తమ్ముడి మొహం చూసి, మరదలి మొహం చూసి, నీళ్ళు నిండుగానే ఉన్న చెంబు తీసుకుని, నీళ్ళు తెస్తానని బయటికి వెళ్ళిపోయింది.

మిషనమ్మ స్టూలు మీద కూర్చుంది. ప్యాంటు ఆమె ఒళ్ళో ఉంది. అతను పైకప్పు వైపు చూస్తున్నాడు.

"మొదటిసారి కుట్టు విప్పిన రోజు, నేను వేసుకుని నీ ముందుకొచ్చాను" అన్నాడు. "చూశావా, ఎలా పట్టిందో అన్నాను."

"అన్నారు."

"నువ్వు నవ్వావు."

"నవ్వాను."

"ఆ నవ్వు నా కోసమనుకున్నాను."

"మీ కోసమేనండీ."

అతను కాసేపు ఊపిరి తీసుకున్నాడు. పొట్ట పైకి తన్నుతుండటంతో ఒక్కో మాటకీ మధ్య ఆగాల్సి వస్తోంది. "పెళ్ళికి ముందు నేను అబద్ధాలాడి, కూలి ఇచ్చి మరీ వదులు చేయించుకునేవాణ్ణి. నువ్వు అడక్కుండానే చేసిపెట్టావు."

"మీ మొహంలో ఆ భయం చూడలేకపోయాను."

"అది నా భయం. నాకివ్వాల్సింది. నాకిచ్చి ఉంటే దాన్ని పట్టుకుని ఏ డాక్టరు దగ్గరికో పరిగెత్తేవాణ్ణి."

"తిట్టండి" అంది.

"తిట్టడానికి ఊపిరి చాలడం లేదు."

దుప్పటి అంచు జారింది. ఆమె సర్ది, చెయ్యి అక్కడే ఉంచింది. అతని చెయ్యి జానెడు దూరంలో ఉంది. టేపు కొస అందించినప్పుడు ఎంత జాగ్రత్తగా తన వేళ్ళు తగలనివ్వకుండా చూసుకునేదో, ఆ తర్వాత అతను వెళ్ళిపోయాక ఆ కొసనే పట్టుకుని ఎంతసేపు కూర్చునేదో ఆమెకు గుర్తొచ్చింది. అప్పుడు కావాలనుకుంటే అందేది. ఇప్పుడు ఆ జానెడూ దాటడానికి ఆమెకు చనువు చాల్లేదు. అతను చెయ్యి వెనక్కి తీసుకోలేదు, ముందుకీ చాపలేదు. ఒక్కసారి తల తిప్పి "ఏమోయ్" అంటే చాలు. పొద్దు వాలేదాకా ఆమె ఆ ఒక్క పిలుపు కోసం అతని పెదాల వంక చూస్తూ కూర్చుంది. అతను కళ్ళు మూసుకున్నాడు గాని నిద్రపోలేదు. నిద్రపోతే అతని ఊపిరి ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు.

సాయంత్రం నర్సమ్మ బండి తోసుకుంటూ వచ్చింది. వెనకే అక్క కూడా వచ్చి, ఏమీ జరగనట్టు మంచానికి అటువైపు కుర్చీ లాక్కుంది. నర్సమ్మ ఆడవాళ్ళిద్దరికీ చెరో కంచం ఇచ్చి, లాకాయన ముందు బల్ల జరిపి దాని మీద రెండు పెట్టింది. ఒక కంచంలో రొట్టె, ఉడికించిన కూరగాయలు, గుడ్డు. పక్కన గిన్నెలో కూరగాయలు ఉడికించి వడగట్టిన నీళ్ళు, పైన సన్నగా ఆవిరి.

అతను రెంటినీ చూశాడు. ఆకలిగానే ఉన్నట్టున్నాడు, గుడ్డు వైపు కాసేపు ఎక్కువే చూశాడు. తర్వాత కంచాన్ని బల్ల చివరికి నెట్టి, గిన్నె దగ్గరికి లాక్కున్నాడు.

అక్క నోటి దగ్గర చెంగు పెట్టుకుంది. మిషనమ్మ కంచం వైపు తల వంచేసింది.

"అయితే డాక్టరమ్మకి చెబుతాను" అంది నర్సమ్మ. "ఇంకో సంగతి. ఆపరేషన్ అయ్యాక మిమ్మల్ని లోపలి గదిలో ఉంచుతారు. చాలా రోజులే పట్టొచ్చు. మీ మనుషుల్లో ఒక్కరినే మీ దగ్గరికి రానిస్తారు. ఇవాళ ఒకరు, రేపు ఒకరు అంటే కుదరదు. మొదట ఎవరంటే వాళ్ళే చివరిదాకా. ఎవర్ని రమ్మంటారు?"

అక్క తల ఎత్తలేదు. ఆ కాళ్ళు పట్టుకుని చూడటానికి తనకంటే హక్కున్నవాళ్ళెవరూ లేరని ఆమె ఎప్పుడూ అనుకునేది. మిషనమ్మా తల ఎత్తలేదు.

"తాగి చెబుతాను" అన్నాడు లాకాయన.

"సరే, గిన్నెలు తీసుకెళ్ళడానికి వస్తాను కదా. అప్పుడు చెప్పండి." ఆమె బండి తోసుకుని వెళ్ళిపోయింది.

ముగ్గురూ తినడం మొదలుపెట్టారు. అతను చెంచాతో నీళ్ళు తీసుకుని, ఊది, నోట్లో పోసుకుని, మింగి, కాసేపు ఆగి, మళ్ళీ చెంచా ముంచుతున్నాడు. అక్క రొట్టె ముక్కని కూరలో అద్దింది గాని నోట్లో పెట్టుకోవడం మరిచిపోయి, మళ్ళీ గుర్తొచ్చి పెట్టుకుంది. అతను నెట్టేసిన కంచం బల్ల చివర అలాగే ఉంది. అందులో గుడ్డు తీసి అక్క తమ్ముడి వైపు కాకుండా మరదలి కంచంలో వేసింది, ఆమె వైపు చూడకుండానే. మిషనమ్మ దాన్ని చిదిపి, కొంచెం కొంచెంగా తింది.

వరండా అవతలి చివర బండి చక్రాల చప్పుడు మొదలైంది. ఒక గది దగ్గర ఆగింది. గిన్నెలు మోగాయి. ఇంకో గదికి వచ్చింది. లాకాయన గిన్నెలో చెంచా అడుగుకి తగులుతోంది. అక్క కంచంలో ఒక్క ముక్కే మిగిలింది. ఎవరి కంచం ముందు ఖాళీ అవుతుందోనని భయపడుతున్నట్టు, ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా, మరింత నెమ్మదిగా తినసాగారు.